నేలలు, శిలల ఆమ్ల తటస్థీకరణ

నేలలు, శిలల ఆమ్ల తటస్థీకరణ అనగా భూమిపై ఒలికిన ఆమ్లం అక్కడి మట్టిలోను, రాళ్ళలోను ఉన్న ఖనిజాలతో చర్య జరిపి తన ఆమ్లత్వాన్ని కోల్పోయే ప్రక్రియ. కర్మాగారాలలో నిల్వ తొట్లు పగిలినప్పుడు, ఆమ్లాన్ని తీసుకువెళ్ళే ట్యాంకరు లారీలు బోల్తా పడినప్పుడు, గనుల వ్యర్థజలాలు గట్లు తెంచుకొని పొరలినప్పుడు ఆ ఆమ్లం ఎంత లోతుకు ఇంకుతుంది, భూగర్భజలాన్ని చేరుతుందా లేదా అన్న విషయం చాలావరకు ఈ ప్రక్రియపైననే ఆధారపడి ఉంటుంది.

ప్రతి నేలకు, ప్రతి శిలకు ఆమ్లాన్ని ఎదుర్కొనే శక్తి కొంత ఉంటుంది. సున్నపురాయి నిమిషాలలో, గంటలలో చేసే పనిని గ్రానైటు రాయి చేయడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. ఆ శక్తికి ఒక హద్దు కూడా ఉంది. హద్దు దాటిన తరువాత నేల ఆమ్లాన్ని ఆపలేకపోగా, తనలో అంతవరకు బిగించి ఉంచిన అల్యూమినియం, మాంగనీసు వంటి లోహాలను కూడా నీటిలోనికి వదులుతుంది. అందువలన ఆమ్లం ఒలికిన చోట "ఎంత ఒలికింది?" అన్న ప్రశ్నతో పాటు "క్రింద ఉన్న రాయి ఏది?" అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది.

ప్రాథమిక భావనలు

ఆమ్లాలు నీటిలో హైడ్రోజన్ అయానులను విడుదల చేస్తాయి. ఈ అయానుల గాఢతను పీహెచ్ అనే కొలతతో సూచిస్తారు. పీహెచ్ 7 తటస్థ స్థితి. అంతకంటె తక్కువైతే ఆమ్లత్వం, ఎక్కువైతే క్షారత్వం. ఇది సంవర్గమాన కొలత కాబట్టి పీహెచ్ ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయానుల గాఢత పది రెట్లు పెరిగినట్లు.

నేల పీహెచ్ వేరు, ఆ నేలకు గల తటస్థీకరణ సామర్థ్యం వేరు. ఒకే పీహెచ్ కలిగిన రెండు నేలలలో ఒకటి కొద్దిపాటి ఆమ్లానికే లొంగిపోవచ్చు, మరొకటి దానికి వంద రెట్లు ఆమ్లాన్ని తట్టుకోవచ్చు. పీహెచ్‌ను కుండలోని నీటి మట్టంతో పోల్చుకుంటే, సామర్థ్యం కుండ వైశాల్యం వంటిది. మట్టం ఒకటే అయినంత మాత్రాన రెండు కుండలలోను ఒకే పరిమాణంలో నీరు ఉన్నదని చెప్పలేము. ఈ సామర్థ్యాన్ని సాధారణంగా ఒక టన్ను మట్టి లేదా రాయి ఎన్ని కిలోగ్రాముల కాల్షియం కార్బనేటుకు సమానంగా పనిచేస్తుందో ఆ లెక్కలో చెబుతారు.

చరిత్ర

పుల్లబడిన నేలలకు సున్నం, సుద్ద, గవ్వల మన్ను చల్లి బాగుచేసుకోవడం వ్యవసాయంలో చాలా పాత పద్ధతి. అమెరికాలోని వర్జీనియాకు చెందిన ఎడ్మండ్ రఫిన్ 1832లో సున్నపు ఎరువులపై ఒక గ్రంథాన్ని ప్రచురించి, పంటలు తగ్గిపోవడానికి నేలలోని ఆమ్లత్వం ఒక కారణమని, శిలాజపు గవ్వలతో కూడిన మన్ను దానిని విరుస్తుందని వివరించాడు.

ఇంగ్లండులో యార్క్‌షైర్‌కు చెందిన భూస్వామి హెచ్. ఎస్. థాంప్సన్, రసాయన శాస్త్రవేత్త జె. థామస్ వే 1850 ప్రాంతంలో మట్టి గుండా అమ్మోనియం లవణ ద్రావణాన్ని పంపి పరిశీలించారు. మట్టి అమ్మోనియంను పట్టుకొని, దానికి బదులుగా కాల్షియంను వదిలింది. అయాను మార్పిడి అని నేడు పిలిచే గుణం ఈ విధంగా వెలుగులోకి వచ్చింది.

1960ల చివరలో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే ఒడెన్, గాలి ద్వారా దేశాల హద్దులు దాటి వచ్చే ఆమ్ల వర్షం స్కాండినేవియా సరస్సులను ఆమ్లీకరిస్తున్నదని చెప్పినప్పటి నుండి ఈ విషయంపై పరిశోధనలు విస్తరించాయి. గ్రానైటు, నైస్ శిలల మీద ఉన్న సరస్సులలో చేపలు నశించగా, సున్నపురాయి ప్రాంతాల సరస్సులు అదే వర్షాన్ని తట్టుకొని నిలిచాయి. జర్మనీకి చెందిన నేలల శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ ఉల్రిచ్ అడవి నేలలను పరిశీలించి, నేల ఏ పీహెచ్ వద్ద ఏ ఖనిజంతో ఆమ్లాన్ని ఎదుర్కొంటుందో 1980ల మొదట్లో వరుసగా వివరించాడు.

తటస్థీకరణ విధానాలు

కార్బనేటు ఖనిజాలు

అన్నిటికంటె త్వరగా, ఎక్కువగా పనిచేసేవి కార్బనేటులు. సున్నపురాయిలోను, సుద్దలోను, చలువరాతిలోను ఉండే కాల్సైటు (కాల్షియం కార్బనేటు) వీటిలో ముఖ్యమైనది. ఆమ్లం తగిలినప్పుడు కార్బనేటు మొదట బైకార్బనేటుగా మారుతుంది. ఆమ్లం ఇంకా ఉంటే బైకార్బనేటు విడిపోయి కార్బన్ డయాక్సైడు వాయువు, నీరు ఏర్పడతాయి. హైడ్రోజన్ అయాను నీటిలో భాగమైపోతుంది కాబట్టి ఇక్కడ ఆమ్లత్వం నిజంగానే అంతరిస్తుంది.

స్నానాల గదిని శుభ్రపరచే యాసిడ్ నాపరాతి గచ్చు మీద పడినప్పుడు నురగ రావడం, ఆ చోట నునుపు పోయి మచ్చ పడడం చాలామంది చూసే ఉంటారు. ఆ నురగ కార్బన్ డయాక్సైడు. తాండూరు, బేతంచర్ల నాపరాళ్ళు సున్నపురాయి జాతికి చెందినవి కనుక అలా జరుగుతుంది. గ్రానైటు బండ మీద అదే యాసిడ్ పడితే నురగ రాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు పొలంలో రాతిని గుర్తించడానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేసి చూసేది ఇందుకే.

కార్బనేటులన్నీ ఒకే తీరుగా పనిచేయవు. కాల్షియం, మెగ్నీషియం కార్బనేటులతో కూడిన డోలమైటు నెమ్మదిగా కరుగుతుంది. చల్లని సజల ఆమ్లంలో దానిని పొడి చేస్తే తప్ప నురగ సరిగా కనిపించదు. సిడరైటు అనే ఇనుప కార్బనేటు మొదట ఆమ్లాన్ని విరిచినా, దాని నుండి వెలువడిన ఇనుము గాలి తగిలి తుప్పుగా మారేటప్పుడు అంతే ఆమ్లాన్ని తిరిగి పుట్టిస్తుంది. అందువలన దాని నికర ప్రయోజనం దాదాపు శూన్యం.

అయాను మార్పిడి

బంకమట్టి రేణువుల మీద, కుళ్ళిన సేంద్రియ పదార్థం మీద ఋణావేశం ఉంటుంది. ఈ ఆవేశాన్ని అంటిపెట్టుకొని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం అయానులు ఉంటాయి. ఆమ్లం వచ్చినప్పుడు హైడ్రోజన్ అయానులు ఆ స్థానాలను ఆక్రమించి వాటిని నీటిలోనికి నెట్టివేస్తాయి. ఈ చర్య చాలా వేగంగా జరుగుతుంది. అయితే దీని పరిమాణం తక్కువ. పైగా ఇక్కడ ఆమ్లత్వం అంతరించదు. నీటి నుండి తొలగి మట్టి రేణువుల మీద నిలువ ఉంటుంది. దీనిని నిలువ ఆమ్లత్వం అంటారు. నీటి పీహెచ్ బాగుపడినట్లు కనిపించినా, తరువాత ఉప్పునీరు లేదా ఎరువుల ద్రావణం తగిలినప్పుడు ఈ నిలువ మళ్ళీ బయటకు వస్తుంది.

సిలికేటు ఖనిజాలు

గ్రానైటు, బసాల్టు, నైస్ వంటి శిలలు ఎక్కువగా సిలికేటులతో ఏర్పడినవి. ఇవి కూడా ఆమ్లాన్ని విరుస్తాయి. ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజం హైడ్రోజన్ అయానులను గ్రహించి, తనలోని కాల్షియం, సోడియం, పొటాషియంలను వదిలి క్రమంగా బంకమట్టిగా మారుతుంది. రాళ్ళు మట్టిగా మారే శైథిల్య ప్రక్రియ ఇదే. కొన్ని ఖనిజాలు త్వరగా, కొన్ని ఆలస్యంగా శిథిలమవుతాయని ఎస్. ఎస్. గోల్డిచ్ 1938లో ఒక క్రమాన్ని సూచించాడు. ఆలివిన్, కాల్షియం ఎక్కువగా గల ఫెల్డ్‌స్పార్ ముందుగా కరుగుతాయి. పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఆలస్యంగా కరుగుతుంది. క్వార్ట్‌జు (స్ఫటికపు రాయి) దాదాపు కరగదు. అందువలన బసాల్టు గ్రానైటు కంటె మెరుగు; కేవలం ఇసుకరాయి అన్నిటికంటె బలహీనం.

సిలికేటుల నిల్వ అపారమైనదే గాని వేగం చాలా తక్కువ. అవి ఏళ్ళ తరబడి కురిసే బలహీనమైన ఆమ్ల వర్షాన్ని ఎదుర్కోగలవు. ఒక్క గంటలో ఒలికిన గాఢ ఆమ్లం మాత్రం వాటికి చర్య జరిపే వ్యవధి ఇవ్వకుండానే క్రిందికి దిగిపోతుంది.

అల్యూమినియం, ఇనుము సమ్మేళనాలు

కార్బనేటులు, మార్పిడి అయానులు అయిపోయిన తరువాత నేల తన అల్యూమినియం, ఇనుము హైడ్రాక్సైడులను కరిగించుకోవడం ద్వారా పీహెచ్ మరింత పడిపోకుండా నిలుపుతుంది. రసాయన శాస్త్రం ప్రకారం ఇదీ తటస్థీకరణే. కానీ జీవులకు ఇది అపకారం. కరిగిన అల్యూమినియం మొక్కల వేళ్ళ కొనలను దెబ్బతీస్తుంది, చేపల మొప్పలను పాడుచేస్తుంది. ఈ నీరు శుభ్రమైన నీటితో కలిసి పీహెచ్ పెరిగినప్పుడు అల్యూమినియం మళ్ళీ హైడ్రాక్సైడుగా పేరుకొని హైడ్రోజన్ అయానులను తిరిగి విడుదల చేస్తుంది. కనుక దీనిని ఆమ్లాన్ని రద్దు చేయడం అనేకంటె వాయిదా వేయడం అనవచ్చు.

ఎర్ర నేలలలోను, లాటరైటు నేలలలోను ఉండే ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల ఉపరితలం సల్ఫేటు అయానులను కూడా పట్టుకుంటుంది. అప్పుడు హైడ్రాక్సైడు అయానులు విడుదలై కొంత ఆమ్లం విరుగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో ఈ గుణం కొంత సహాయపడుతుంది.

సూక్ష్మజీవుల పాత్ర

గాలి సోకని చిత్తడి నేలలలో కొన్ని బాక్టీరియాలు సల్ఫేటును సల్ఫైడుగాను, నైట్రేటును నత్రజని వాయువుగాను మారుస్తాయి. ఈ క్రమంలో ఆమ్లం ఖర్చవుతుంది. ఎసిటిక్ ఆమ్లం వంటి సేంద్రియ ఆమ్లాలు పలుచనైన తరువాత సూక్ష్మజీవులకు ఆహారమై పూర్తిగా నశిస్తాయి. అయితే గాఢ ఆమ్లం పడిన చోట ముందుగా చనిపోయేది ఈ జీవులే కాబట్టి, వీటి సహాయం కాలక్రమేణా మాత్రమే లభిస్తుంది.

పీహెచ్ మెట్లు

ఆమ్లం చేరుతున్న కొద్దీ నేల పీహెచ్ ఏటవాలుగా జారదు. మెట్లు దిగినట్లు దిగుతుంది. ఒక రక్షణ ఉన్నంతసేపు దాదాపు నిలకడగా ఉండి, అది అయిపోగానే తరువాతి మెట్టుకు పడుతుంది. ఉల్రిచ్ వర్గీకరణలోని మెట్లు స్థూలంగా ఇవి:

* 8.6 నుండి 6.2 వరకు – కార్బనేటుల దశ
* 6.2 నుండి 5.0 వరకు – సిలికేటుల దశ
* 5.0 నుండి 4.2 వరకు – అయాను మార్పిడి దశ
* 4.2కు దిగువన – అల్యూమినియం దశ
* సుమారు 3కు దిగువన – ఇనుము దశ

ఈ మెట్ల వలన ఒక ప్రమాదం ఉంది. కార్బనేటులో తొంభై పాళ్ళు ఖర్చయిపోయినా పీహెచ్ పరికరం 7 దగ్గరే చూపవచ్చు. మిగిలిన పది పాళ్ళు అయిపోయిన వెంటనే పీహెచ్ హఠాత్తుగా పడిపోతుంది. కేవలం పీహెచ్ కొలిచి నేల భద్రంగా ఉన్నదని నిర్ణయించడం సరికాదని నిపుణులు చెప్పేది ఇందువలననే.

ఆమ్లానికి ఎంత నేల కావాలి

రసాయన సమీకరణాల ప్రకారం వివిధ ఆమ్లాలను విరవడానికి కావలసిన కాల్షియం కార్బనేటు ఈ విధంగా ఉంటుంది:

* 1 టన్ను స్వచ్ఛమైన సల్ఫ్యూరిక్ ఆమ్లానికి (గంధకికామ్లం) – 1.02 టన్నులు
* 1 టన్ను హైడ్రోజన్ క్లోరైడుకు – 1.37 టన్నులు
* 1 టన్ను స్వచ్ఛమైన నైట్రిక్ ఆమ్లానికి (నత్రికామ్లం) – 0.79 టన్నులు

ఉదాహరణకు 98 శాతం గాఢత గల 20 టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక ట్యాంకరు నుండి ఒలికిందనుకుందాం. దానిని పూర్తిగా విరవడానికి దాదాపు 20 టన్నుల కాల్షియం కార్బనేటు కావాలి. 5 శాతం కాల్సైటు గల నేల అయితే ఇందుకు సుమారు 400 టన్నుల మట్టి సరిపోతుంది. కార్బనేటు లేకుండా, కిలోకు 10 సెంటీమోల్‌ల మార్పిడి సామర్థ్యం మాత్రమే ఉండి, అది మొత్తం కాల్షియం వంటి క్షార అయానులతో నిండి ఉన్న నేల అయితే సుమారు 4,000 టన్నులు కావాలి. మార్పిడి సామర్థ్యం 5 సెంటీమోల్‌లు, అందులో సగమే క్షార అయానులు గల తేలికపాటి ఇసుక నేల అయితే సుమారు 16,000 టన్నులు కావాలి. ఒకే ట్యాంకరు, ఒకే ఆమ్లం. నేల మారితే నలభై రెట్ల తేడా.

గాఢత ప్రభావం కూడా గమనించదగినది. 5 శాతం కాల్సైటు గల ఒక ఘనపు మీటరు మట్టి బరువు 1,400 కిలోలు అనుకుంటే, అందులో 70 కిలోల కాల్సైటు ఉంటుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీ దాదాపు 470 లీటర్లు. పీహెచ్ 2 గల పలుచని ఆమ్లజలం అయితే ఆ కాల్సైటు తరిగిపోవడానికి సుమారు 1,40,000 లీటర్లు, అనగా ఆ ఖాళీని దాదాపు 300 సార్లు నింపేటంత నీరు పారవలసి ఉంటుంది. అదే 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం అయితే 38 లీటర్లు చాలు. ఖాళీలో పన్నెండవ వంతు నిండేలోపే ఆ మట్టి శక్తి అంతా ఖర్చవుతుంది. ఆమ్ల వర్షాన్ని శతాబ్దాలు తట్టుకోగల నేల ఒక ట్యాంకరు ఆమ్లాన్ని ఒక్క రోజు తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కలన్నీ ప్రతి రేణువూ చర్యలో పాల్గొంటుందనే ఊహపై ఆధారపడినవి. వాస్తవంలో ఆమ్లం పగుళ్ళ గుండా, వేళ్ళ దారుల గుండా పోతుంది కాబట్టి చాలా మట్టిని తాకకుండానే క్రిందికి చేరుతుంది.

ఆమ్లాన్ని బట్టి తేడాలు

సల్ఫ్యూరిక్ ఆమ్లం సున్నపురాయితో చర్య జరిపినప్పుడు జిప్సం ఏర్పడుతుంది. జిప్సం నీటిలో లీటరుకు రెండు గ్రాములకు కాస్త మించి మాత్రమే కరుగుతుంది. అందువలన అది రాతి మీద పొరగా పేరుకొని, లోపలి రాతికి ఆమ్లం తగలకుండా అడ్డుపడుతుంది. పెద్ద సున్నపురాతి ముక్కలను ఆమ్లంలో వేస్తే పైన కవచం కట్టి చర్య ఆగిపోవడానికి, పొడి అయితే బాగా పనిచేయడానికి ఇదే కారణం. ఇనుము కలిగిన గని నీళ్ళలో తుప్పు పొర కూడా ఇదే విధంగా కవచం కడుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికంటె ఇరవై రెట్లకు పైగా చిక్కనిది కనుక మొదట నెమ్మదిగా ఇంకుతుంది. వాన పడి పలుచనైతే వేడి పుట్టడమే కాక, మరింత వేగంగా లోపలికి దిగుతుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నైట్రిక్ ఆమ్లం విషయంలో ఏర్పడే కాల్షియం క్లోరైడు, కాల్షియం నైట్రేటు నీటిలో బాగా కరుగుతాయి. కవచం ఏర్పడదు కనుక చర్య పూర్తిగా జరుగుతుంది గాని, కరిగిపోయిన రాతి స్థానంలో ఖాళీలు మిగులుతాయి. క్లోరైడు, నైట్రేటు నీటితో పాటు దూరంగా ప్రయాణిస్తాయి. ఆమ్లత్వం పోయినా నైట్రేటు మాత్రం త్రాగునీటికి కాలుష్యంగా మిగులుతుంది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ప్రత్యేకమైనది. మిగిలిన ఆమ్లాలకు లొంగని క్వార్ట్‌జును కూడా ఇది కరిగిస్తుంది. కాల్షియంతో కలిసినప్పుడు సులభంగా కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారుతుంది కాబట్టి సున్నపు నేలలు దీనిలోని ఫ్లోరైడును చాలావరకు బంధించగలవు.

భూగర్భంలో ఆమ్లం కదలిక

నేలలోనికి దిగిన ఆమ్లజలంలో నీరు ముందు, ఆమ్లం వెనుక నడుస్తాయి. నీటితో పాటు సల్ఫేటు లేదా క్లోరైడు ముందుగా సాగిపోతుంది. హైడ్రోజన్ అయానులు మాత్రం దారిలోని కాల్సైటుతో చర్య జరుపుతూ, అది పూర్తిగా తరిగిన తరువాతనే ముందడుగు వేస్తాయి. కనుక ఒక బావి నీటిలో సల్ఫేటు లేదా కాల్షియం హఠాత్తుగా పెరగడం, వెనుక ఆమ్లం వస్తున్నదనడానికి ముందస్తు సూచన కావచ్చు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గ్లోబ్ పట్టణం వద్ద పైనల్ క్రీక్ లోయ దీనికి బాగా అధ్యయనం చేయబడిన ఉదాహరణ. రాగి గనుల ఆమ్లజలాలు దశాబ్దాల పాటు అక్కడి ఒండ్రు పొరలలోనికి ఇంకాయి. ఒండ్రులోని కాల్సైటు ఆమ్లపు అంచును నీటి ప్రవాహం కంటె వెనుక నిలిపింది. పీహెచ్ పెరిగిన చోట ఇనుము, అల్యూమినియం, రాగి పేరుకొని ఆగిపోయాయి. అయితే నీటిలోని ఇనుము ఒండ్రులోని మాంగనీసు ఆక్సైడులతో చర్య జరిపి మాంగనీసును కరిగించింది. ఆ మాంగనీసు దూరం ప్రయాణించి, వాగులో నీరు పైకి ఉబికే చోట నల్లని పొరలుగా పేరుకొన్నది. ఆమ్లం విరిగినంత మాత్రాన కాలుష్యం ముగిసిపోదని ఈ లోయ చెబుతున్నది.

తటస్థీకరణ వలన కలిగే దుష్ఫలితాలు

* వాయువు: 1 టన్ను సల్ఫ్యూరిక్ ఆమ్లం కార్బనేటుతో విరిగినప్పుడు సుమారు 0.45 టన్నుల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఇది గాలికంటె బరువైనది కనుక గోతులలో, నేలమాళిగలలో నిలిచి ఊపిరాడకుండా చేయగలదు.
* ఉబ్బడం: కాల్సైటు జిప్సంగా మారినప్పుడు ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. పునాదుల క్రింద ఇలా జరిగితే నేల పైకి ఉబ్బి గచ్చులు, గోడలు పగులుతాయి. సల్ఫేటు సిమెంటు కాంక్రీటును కూడా దెబ్బతీస్తుంది.
* కుంగడం: జిప్సం ఏర్పడని ఆమ్లాలు మట్టి రేణువులను కలిపి ఉంచే సున్నపు బంధాన్ని కరిగించివేస్తాయి. అప్పుడు నేల గుల్లబారి కుంగే అవకాశం ఉంది.
* నీటి కాఠిన్యం: కరిగిన కాల్షియం, మెగ్నీషియంల వలన బావి నీరు మరింత కఠినజలంగా మారుతుంది.
* లోహాలు: నేలలో సహజంగా లేదా పూర్వపు కాలుష్యం వలన బంధించబడి ఉన్న సీసం, జింకు, కాడ్మియం వంటి లోహాలు ఆమ్ల దశలో విడుదలవుతాయి.

అజ్నాల్‌కొయ్యార్ ప్రమాదం

1998 ఏప్రిల్ 25న స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరం సమీపాన అజ్నాల్‌కొయ్యార్ గని వద్ద వ్యర్థాల జలాశయపు గట్టు తెగింది. పైరైటు (ఇనుప సల్ఫైడు) బురద, ఆమ్లజలం కలిసి లక్షలాది ఘనపు మీటర్ల మేర అగ్రియో, గ్వాదియమార్ నదుల వెంట ప్రవహించి 4,000 హెక్టార్లకు పైగా భూమిని ముంచెత్తాయి. దిగువన ఉన్న ప్రసిద్ధ దొన్యానా జాతీయ ఉద్యానవనం అంచు వరకు ప్రవాహం చేరింది.

బురద ఎండి గాలి సోకినప్పుడు పైరైటు ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొత్తగా పుట్టించసాగింది. వానలకు ఆ ఆమ్లం లోహాలతో సహా నేలలోనికి దిగింది. కార్బనేటు గల నేలలలో ఆమ్లం విరిగి, లోహాలు పై పొరలలోనే ఆగాయి. కార్బనేటు లేని నేలలలో పీహెచ్ బాగా పడిపోయి, జింకు, కాడ్మియం వంటివి లోతుకు కదిలాయి. బురదను తొలగించిన తరువాత నేలను బాగుచేయడానికి ముఖ్యంగా వాడినది చక్కెర కర్మాగారాల నుండి వచ్చే, కాల్షియం కార్బనేటు ఎక్కువగా గల సున్నపు మడ్డి. ఇనుము గల ఎర్రమట్టిని, సేంద్రియ ఎరువును కూడా కలిపారు. ఆ భూములను సేద్యం నుండి తప్పించి గ్వాదియమార్ హరిత మార్గంగా, రక్షిత ప్రాంతంగా మార్చారు.

తెలుగు ప్రాంతాల నేలలు, శిలలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆమ్లాన్ని తట్టుకొనే శక్తి ప్రాంతాన్ని బట్టి బాగా మారుతుంది.

* నల్లరేగడి నేలలు: వీటిలో బంకమట్టి ఎక్కువ, మార్పిడి సామర్థ్యం ఎక్కువ, చాలాచోట్ల సున్నపు గడ్డలు కూడా ఉంటాయి. కనుక తటస్థీకరణ శక్తి అధికం. అయితే వేసవిలో ఏర్పడే లోతైన పగుళ్ళ గుండా ఆమ్లం మట్టిని తాకకుండానే దిగిపోయే ప్రమాదం ఉంది.
* ఎర్ర చల్క నేలలు: గ్రానైటు, నైస్ శిలల నుండి ఏర్పడిన తేలికపాటి నేలలు. కార్బనేటు, బంకమట్టి తక్కువ. త్వరగా లొంగిపోతాయి. హైదరాబాదు పరిసరాలలో ఇటువంటి నేల క్రింద గ్రానైటు పగుళ్ళలోనే భూగర్భజలం ఉంటుంది. పగుళ్ళలో రాతికి, నీటికి మధ్య స్పర్శ తక్కువ.
* దక్కను బసాల్టు: తెలంగాణ పశ్చిమ భాగంలో కనిపించే ఈ శిల సిలికేటు శిలలలో మెరుగైనది.
* ఖోండలైటు: విశాఖపట్నం పరిసరాల కొండలలోని శిల. క్వార్ట్‌జు, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైటు ముఖ్య ఖనిజాలు. దీని తటస్థీకరణ చాలా నెమ్మది.
* సున్నపురాయి ప్రాంతాలు: పల్నాడు, కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో విస్తారంగా ఉన్నాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపొందినది. ఇక్కడ ఆమ్లాన్ని విరిచే ఖనిజానికి కొదువ లేదు. కానీ వాననీటిలోని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లమే యుగాల తరబడి రాతిని కరిగించి బెలుం గుహల వంటి సొరంగాలను తొలిచింది. ఇటువంటి సొరంగాలలో పడిన కలుషిత జలం మట్టిలో ఇంకే నీటికంటె ఎన్నో రెట్లు వేగంగా సాగిపోగలదు. ఖనిజం ఉన్నా, చర్య జరగడానికి తగిన వ్యవధి ఉండదు.

సామర్థ్యాన్ని కొలవడం

గనుల వ్యర్థశిలల కొరకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1978లో ప్రచురించిన పరీక్షా పద్ధతి ఇప్పటికీ ఆధారంగా ఉంది. పొడి చేసిన నమూనాకు తెలిసినంత ఆమ్లాన్ని కలిపి వేడిచేసి, మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో కొలిస్తే, ఖర్చయిన ఆమ్లాన్ని బట్టి తటస్థీకరణ శక్తి తెలుస్తుంది. దీనిని రాతిలోని పైరైటు పుట్టించగల ఆమ్లంతో సరిపోల్చుతారు. రాతిలోని ప్రతి 1 శాతం పైరైటు గంధకానికి టన్నుకు 31.25 కిలోల కాల్షియం కార్బనేటు అవసరమని లెక్క. అయితే పరీక్షలో పొడి రాయి గంటలలో చేసిన పని, భూమిలో గట్టి రాయి చేయడానికి ఏళ్ళు పట్టవచ్చు. అందుకే ఫలితాలను జాగ్రత్తగా అన్వయించాలి.

శుద్ధి చర్యలు

ఆమ్లం ఒలికినప్పుడు నేల దానంతటదే విరుస్తుందని వదిలివేయరాదు. సాధారణంగా పాటించే క్రమం ఇది:

* మొదట మట్టి గట్లు కట్టి ఆమ్లాన్ని కాలువలలోనికి, బావుల వైపు పోకుండా ఆపడం. వీలైనంత ద్రవాన్ని తోడివేయడం. విరిచే ఆమ్లం తగ్గే కొద్దీ దుష్ఫలితాలూ తగ్గుతాయి.
* మిగిలిన దానిపై సున్నపురాతి పొడి, సోడా యాష్ లేక తడిసున్నం వాడడం. గాఢ ఆమ్లంపై సున్నాన్ని, నీటిని ఒక్కసారిగా కుమ్మరిస్తే తీవ్రమైన వేడి పుట్టి ఆమ్లం చిమ్ముతుంది. అందువలన శిక్షణ పొందినవారే నెమ్మదిగా చేయాలి.
* సున్నపురాతి పొడి ఎక్కువైనా పీహెచ్ 8 ప్రాంతం దాటదు. తడిసున్నం, కాస్టిక్ సోడా ఎక్కువైతే నేల తీవ్ర క్షారంగా మారి మరొక హాని కలుగుతుంది.
* నైట్రిక్ ఆమ్లంపై రంపపు పొట్టు వంటి సేంద్రియ పదార్థాలను చల్లరాదు. విషవాయువులు వెలువడవచ్చు, మంటలు పుట్టవచ్చు.
* పీహెచ్ మామూలు స్థితికి వచ్చిన తరువాత కూడా చుట్టుప్రక్కల బావులలో సల్ఫేటు, కాల్షియం, అల్యూమినియం, మాంగనీసులను కొంతకాలం పాటు పరీక్షిస్తూ ఉండాలి.

ఒకసారి ఆమ్లాన్ని విరిచిన నేలలో ఆ మేరకు కార్బనేటు తరిగిపోయి ఉంటుంది. పోయిన కార్బనేటును సున్నం వేసి తిరిగి నింపకపోతే, అదే చోట రెండవసారి ఒలికిన ఆమ్లం మొదటిసారి కంటె లోతుకు చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* ఆమ్ల వర్షం
* సున్నపురాయి
* నల్లరేగడి నేల
* భూగర్భజలం
* శిలా శైథిల్యం
* బెలుం గుహలు